5 వేల కిలోల బంగారం సంగతేంటి? ఉస్మాన్ అలీ ఖాన్ అసలు లెక్కలు ఇవీ

చాంద్రాయణగుట్ట: చాంద్రాయణగుట్ట చౌరస్తా నుంచి చార్మినార్ వైపు వస్తుంటే ఫలక్‌నుమా తగులుతుంది. గుట్ట మీద మహల్, కింద రైల్వే స్టేషన్. చౌరస్తాకు ఇటుపక్క బార్కస్. నిజాం ఫౌజులోని అరబ్బు సిపాయిల బ్యారక్‌లు ఉండేవి కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇక్కడి ఇళ్లల్లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ముచ్చట రాని రోజు ఉండదు. ముచ్చట మొదలైందంటే బంగారం కథ కూడా వస్తుంది. చైనా యుద్ధమప్పుడో, పాకిస్తాన్ యుద్ధమప్పుడో దేశానికి 5 వేల కిలోల బంగారం దానం చేశారని ఒకరంటే, అదంతా ఉత్తదేనని, ఆయన పైసా కూడా ఇవ్వని పిసినారి అని ఇంకొకరు అంటారు. వాట్సాప్‌లో రెండూ తిరుగుతూనే ఉంటాయి.

రెండూ తప్పే. దానం వేరు, పెట్టుబడి వేరు, సర్కారు ఖజానా ఖర్చు వేరు. ఈ మూడింటినీ కలిపేయడం వల్లే గందరగోళం వస్తోంది. వాటిని విడదీసి చూస్తే ఆయన జీవితం ఇంకోలా కనిపిస్తుంది. లండన్ షేర్‌హోల్డర్ల చేతిలో ఉన్న రైలును, బొగ్గును తిరిగి కొన్న సర్కారు ఆయనది. చనిపోయాక కూడా దానం ఆగకుండా ట్రస్టు రాసిపెట్టిన మనిషి కూడా ఆయనే.

తండ్రి కాలంలో వచ్చిన లండన్ సొమ్ము

ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిల్‌లో పురానీ హవేలీలో పుట్టారు. తండ్రి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. తల్లి అజ్మతుజ్జహ్రా బేగం. ఆయన పుట్టే నాటికే హైదరాబాద్ సంస్థానంలోకి విదేశీ పెట్టుబడి వచ్చేసింది.

వాడి నుంచి సికింద్రాబాద్ దాకా మొదటి రైలు 1874లో నడిచింది. లైన్లు పెంచడానికి సరిపడా డబ్బు లేక 1883లో లండన్‌లో ఒక కంపెనీ పెట్టించారు. దాని పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. పేరులోని గ్యారంటీ అన్న మాటలోనే అసలు కిటుకు ఉంది. రైలుకు లాభం వచ్చినా రాకపోయినా, పెట్టిన సొమ్ము మీద 20 ఏళ్ల పాటు ఏటా 5 శాతం వడ్డీ కట్టిస్తామని నిజాం సర్కారు ఒప్పుకుంది. ఇవాళ మన స్టాక్ మార్కెట్‌లోకి వచ్చే విదేశీ సంస్థాగత పెట్టుబడిదారులకు అలాంటి హామీ ఏదీ ఉండదు. షేరు పడితే నష్టం వాళ్లదే. అప్పట్లో మాత్రం లాభం లండన్‌కు, నష్టం హైదరాబాద్ ఖజానాకు అన్నట్టు కాగితం రాసుకున్నారు.

ఆ రైల్వే పథకం మీద హైదరాబాద్‌లో గొడవ జరిగింది. షరతులేంటో జనానికి చెప్పాలని కొందరు చదువుకున్నవాళ్లు గట్టిగా అడిగారు. చాందా రైల్వే ఆందోళన అని దానికి పేరు. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయను 1883లో ఊరు నుంచే పంపించేశారు. ఆయనతో నిలబడ్డ ముల్లా అబ్దుల్ ఖయ్యూంను ఉద్యోగం నుంచి సస్పెండ్ చేశారు. విదేశీ పెట్టుబడి షరతులను జనం ముందు పెట్టమని ఒక హిందువు, ఒక ముస్లిం కలిసి అడిగిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

మూడేళ్లకు గనుల వంతు వచ్చింది. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లోనే కనిపెట్టారు. 1886లో ఆ గనుల హక్కులు లండన్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి పోయాయి. కంపెనీ పెట్టినవాళ్లు షేర్లలో సింహభాగం తమకే రాసుకున్నారు. కొన్ని షేర్లను తిరిగి నిజాం సర్కారుకే ఎక్కువ ధరకు అమ్మారు. ఇంటి మామిడిపళ్లను ఇంటివాడికే అమ్మినట్టు అన్నమాట. ఈ బాగోతం బయటపడి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ వేసి మరీ విచారించింది. హైదరాబాద్ తరఫున బేరం నడిపిన అధికారి అబ్దుల్ హఖ్ పదవి పోయింది. అప్పటికి ఉస్మాన్ అలీ ఖాన్ వయసు రెండేళ్లు.

ఫలక్‌నుమా నుంచి గద్దె దాకా

ఫలక్‌నుమా మహల్‌ను కట్టించింది నిజాములు కాదు. పాయగా అమీరు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టించారు. కట్టడం దాదాపు పదేళ్లు సాగింది, ఆ ఖర్చు ఆయన నడ్డి విరిచింది. చివరికి మహల్ ఆరో నిజాం చేతికి వచ్చింది. ఆ మహల్‌లోనే 1911 ఆగస్టు 29న మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూశారు. 25 ఏళ్ల ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కారు.

అప్పటికి మూసీ వరద వచ్చి మూడేళ్లే అయింది. 1908 సెప్టెంబర్‌లో ఆ నీళ్లు నగరాన్ని ముంచేసి వేల మందిని మింగాయి. మళ్లీ అలా జరగకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహా మీద ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, 1918లో ఉస్మానియా యూనివర్సిటీ, ఆ తర్వాత హైకోర్టు, ఉస్మానియా దవాఖానా వచ్చాయి. చాంద్రాయణగుట్ట వాళ్లు రోజూ చూసే ఫలక్‌నుమా లైను, అంటే కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ మీదుగా కర్నూలు వైపు పోయే లైను కూడా ఆయన ఏలుబడిలోనే పడింది.

వీటన్నిటినీ నిజాం సొంత దానాలుగా చెప్పుకోవడం మనకు అలవాటు. అయితే ఇవి సర్కారు ఖజానా నుంచి, అంటే రైతు కట్టిన శిస్తు, వ్యాపారి కట్టిన పన్ను నుంచి చేసిన పనులు. ఆ డబ్బును ఎక్కడ పెట్టాలో తేల్చింది మాత్రం ఆయన, ఆయన మంత్రులు. ఉర్దూలో డాక్టరీ, ఇంజనీరింగ్ చదివించే యూనివర్సిటీ పెట్టాలనుకోవడం చిన్న నిర్ణయం కాదు. ఆ ఘనత ఆయనకు ఇవ్వాల్సిందే, డబ్బు జనానిదని కూడా ఒప్పుకోవాల్సిందే.

ఆయన చేతిలో నిజానికి రెండు జేబులు ఉండేవి. ఒకటి దివానీ, అంటే సర్కారు ఖజానా. రెండోది సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఎస్టేటు. సంస్థానం విస్తీర్ణంలో దాదాపు పదో వంతు భూమి ఈ రెండో జేబు కిందే ఉండేది. దాని ఆదాయం నేరుగా ఆయనకే పోయేది. అమీర్లు, అధికారులు సమర్పించే నజరానాలు వేరు. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసి ప్రపంచంలోనే ధనవంతుడని రాసింది ఈ జేబును చూసే. అంత ఉన్నా వాడిన షేర్వానీ, పాత రూమీ టోపీ, చార్మినార్ సిగరెట్‌తోనే కాలం గడిపేశారు. తండ్రి కొన్న జాకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగరకుండా బరువుగా వాడుకున్నారు.

లండన్ నుంచి తిరిగి కొన్న రైలు, బొగ్గు

ఖజానా లెక్కలను దారిలో పెట్టిన మనిషి సర్ అక్బర్ హైదరీ. 1905లో అకౌంటెంట్ జనరల్‌గా హైదరాబాద్ వచ్చి, 1921లో ఫైనాన్స్ మెంబర్ అయ్యారు. ప్రతి శాఖకు ముందుగానే ఇన్నేళ్లకు ఇంత అని కేటాయించి, ఆ హద్దులోనే ఖర్చు పెట్టుకోవాలని కట్టడి చేశారు. మిగిలిన సొమ్మును రిజర్వులుగా పక్కన పెట్టారు. వినడానికి మామూలు గుమాస్తా పనిలా ఉంటుంది. కానీ తర్వాత జరిగిన పెద్ద కొనుగోళ్లకు పునాది ఇదే.

1930 ఏప్రిల్ 1న హైదరాబాద్ సర్కారు లండన్ కంపెనీ నుంచి రైల్వేను మొత్తంగా కొనేసింది. పేరులోంచి గ్యారంటీ అన్న మాట పోయింది. నిజాం స్టేట్ రైల్వే అయింది. అప్పటిదాకా సముద్రం దాటి పోయిన లాభం ఇక్కడే ఆగింది. రెండేళ్లకు, 1932 జూన్‌లో, అదే రైల్వే కింద 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగం మొదలైంది. ఇవాళ్టి ఆర్టీసీకి మూలం అదే.

బొగ్గుకు ఇంకొంత కాలం పట్టింది. లండన్ కంపెనీ ఆస్తులతో 1920 డిసెంబర్‌లో సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పడింది. దాని షేర్లు లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో పలికేవి. 1945లో నిజాం సర్కారు మెజారిటీ వాటా కొని కంపెనీని తన చేతిలోకి తీసుకుంది. తండ్రి కాలంలో మోసపోయిన చోటే కొడుకు కాలంలో యజమాని హక్కు వచ్చింది. ఇప్పుడు ఆ కంపెనీలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నాయి.

రెండు కొనుగోళ్లలోనూ ఎవరినీ వెళ్లగొట్టలేదు, ఎవరి ఆస్తీ లాక్కోలేదు. షేర్లకు ధర కట్టి కొన్నారు. విదేశీ పెట్టుబడి అక్కర ఉన్నప్పుడు తెచ్చుకోవడం, సొంత బలం వచ్చాక వాటా కొనేసుకోవడం ఇవాళ దేశాలు, కంపెనీలు చేసే పనే. హైదరాబాద్ దాన్ని చేసేనాటికి దేశానికి స్వాతంత్య్రం ఇంకా రాలేదు.

కోటి రూపాయలతో ఒక ఫండ్

1929లో కోటి రూపాయలతో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ పెట్టారు. సంస్థానంలో కొత్త ఫ్యాక్టరీలు పెట్టేవాళ్ల కంపెనీల్లో ఈ ఫండ్ షేర్లు కొనేది, అప్పులిచ్చేది. చిన్న పరిశ్రమలకు కూడా సాయం చేసేది. వరంగల్ ఆజంజాహి మిల్లు, బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ, సిర్పూర్ పేపర్ మిల్లు ఈ దన్నుతోనే పైకి వచ్చాయి. 1942లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు తలుపులు తెరిచింది. ఉస్మానియా సిక్కా చలామణిని చూసుకున్న ఆ బ్యాంకే తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017 ఏప్రిల్‌లో ఎస్‌బీఐలో కలిసిపోయింది.

దీన్ని దానం అనుకోకూడదు. ఫండ్‌కు డివిడెండ్ రావాలి, వడ్డీ రావాలి. కాకపోతే లాభంతో పాటు ఇక్కడి జనానికి పని దొరకాలన్న ఉద్దేశం కూడా అందులో ఉంది. ఇప్పుడు కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. అది లాభం వచ్చాక పక్కన తీసే వాటా. ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ మాత్రం పెట్టుబడి పెట్టేటప్పుడే ఊరి బాగు చూసింది. అందులో కొన్ని నిలవలేదు. ఆజంజాహి మిల్లు 2002లో, బోధన్ ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాయి. అది తర్వాతి సర్కార్ల లెక్క.

మతం చూడని చందాలు

అసలు చందాలు కూడా తక్కువేం కాదు. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి, బనారస్ హిందూ యూనివర్సిటీకి రెండింటికీ ఇచ్చారు. రవీంద్రనాథ్ ఠాగూర్ విశ్వభారతికి లక్ష రూపాయలు పోయాయి. పుణెలోని భండార్కర్ సంస్థ మహాభారతాన్ని సరిచూసి అచ్చువేసే పని పెట్టుకుంటే ఏటా కొంత చొప్పున గ్రాంటు ఇచ్చి, అతిథి గృహం కోసం వేరేగా డబ్బిచ్చారు. ఆ గెస్ట్ హౌస్‌కు నిజాం పేరే ఉంది. యాదగిరిగుట్ట, భద్రాచలం గుళ్లకు కూడా హైదరాబాద్ నుంచి సొమ్ము వెళ్లింది. 1924లో టర్కీ నుంచి వెళ్లగొట్టిన చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌కు నెలకు 300 పౌండ్ల పెన్షన్ కట్టారు. ఆ ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్ 1931లో నిజాం పెద్ద కోడలైంది.

అయితే అదే ఖజానా నుంచి మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషువాళ్లకూ భారీగా సొమ్ము పోయింది. బ్రిటిష్ వైమానిక దళంలో ఒక స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు పెట్టారు. బదులుగా 1918లో ఆయనకు ఎగ్జాల్టెడ్ హైనెస్ బిరుదు వచ్చింది. ఇక్కడి రైతు శిస్తుతో అక్కడి యుద్ధానికి విమానాలు కొనడం సమాజ సేవ ఖాతాలో రాయగలిగిన ఖర్చు కాదు.

దాచిపెట్టలేని పేజీలు

ఫ్యాక్టరీలు, యూనివర్సిటీ ఉన్న అదే సంస్థానంలో పల్లెల్లో వెట్టి నడిచింది. జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌ల కింద రైతు నలిగిపోయాడు. 1946 జూలైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాక తెలంగాణ పోరాటం రగిలింది. ఖాసిం రజ్వీ రజాకార్లను అదుపు చేయాల్సినప్పుడు నిజాం చేయలేదు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, అయిదు రోజుల్లో అంతా ముగిసింది. ఆ తర్వాత జిల్లాల్లో అమాయక ముస్లిం కుటుంబాలు ఎంత నష్టపోయాయో నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం రాసిపెట్టింది. పైనున్నవాళ్ల నిర్ణయాలకు కింద ఉన్నవాళ్లు ప్రాణాలతో వెల కట్టారు. నిజాం లెక్కల్లో ఈ పేజీ కూడా ఉండాలి.

ఆ రోజుల్లోనే లండన్‌లో ఇంకో చిక్కు వచ్చింది. వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో హైదరాబాద్ పేరున ఉన్న 10 లక్షల పౌండ్లకు పైగా సొమ్మును 1948 సెప్టెంబర్ 20న పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతుల్లా ఖాతాకు మార్చేశారు. వారం తిరక్కుండానే నిజాం ఆ బదిలీ చెల్లదని, డబ్బు వెనక్కి ఇవ్వాలని బ్యాంకును కోరారు. బ్యాంకు రెండు వైపులా ఇవ్వనంది. కేసు 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోయి అక్కడే ఆగిపోయింది. ఆయన బతికుండగా ఆ సొమ్ము కళ్లజూడలేదు.

ట్రస్టుల కాలం

1949 ఫిబ్రవరిలో సర్ఫ్-ఎ-ఖాస్ భూములను సర్కారులో కలుపుతూ ఫర్మానా వచ్చింది. ఏటా 50 లక్షల ప్రివీ పర్స్ ఖరారైంది. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబర్ 31 దాకా రాజ్‌ప్రముఖ్‌గా ఉన్నారు. అధికారం లేదు, ఆస్తి ఇంకా చాలా ఉంది. దాన్ని ఏం చేయాలన్నదే మిగిలింది.

ఆయన ట్రస్టుల దారి పట్టారు. 1950లో కుటుంబ ట్రస్టు, ఆ వెంటనే నగల ట్రస్టులు, 1954లో హెచ్.ఇ.హెచ్. నిజాం చారిటబుల్ ట్రస్టు. ట్రస్టు కాగితం రాశాక ఆ సొమ్ము రాసినవాడి ఇష్టానుసారం కదలదు. అసలు అలాగే ఉంటుంది, దాని మీద వచ్చే ఆదాయమే రాసిన పనులకు ఖర్చవుతుంది. వక్ఫ్ గురించి తెలిసిన కుటుంబాలకు ఇది కొత్త మాటేం కాదు. ఇది సర్కారు ఖజానా కాదు, ఇక్కడ ఇచ్చింది సొంత ఆస్తిలోంచే. అందుకే నిజాం దానం ఏదంటే మొదట చూపించాల్సింది ఈ చారిటబుల్ ట్రస్టునే.

ఆ ట్రస్టు డబ్బుతోనే 1960లలో పంజాగుట్టలో నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్ కట్టారు. ఎముకలు విరిగినవాళ్ల కోసం మొదలైన ఆ దవాఖానా సర్కారు చేతికి వెళ్లి, 1980లలో నిమ్స్ అయింది.

మరి బంగారం?

ఇప్పుడు అందరూ అడిగే సంగతి. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం తర్వాత కేంద్రం బంగారం సమీకరణ పథకం తెచ్చింది. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ఆ డిసెంబర్‌లో హైదరాబాద్ వచ్చారు. నిజాం ఆ పథకంలో 4.25 లక్షల గ్రాములు, అంటే 425 కిలోల బంగారం పెట్టారు. అది గోల్డ్ బాండ్లలో పెట్టుబడి. వడ్డీ వస్తుంది, గడువు తీరాక అసలు తిరిగి వస్తుంది. 5 వేల కిలోల దానం గురించి ఆర్టీఐ కింద అడిగితే అలాంటి సమాచారం తమ దగ్గర లేదని నేషనల్ డిఫెన్స్ ఫండ్ వైపు నుంచి జవాబు వచ్చింది.

అలాగని 425 కిలోలను తీసిపారేయాల్సిన పని లేదు. యుద్ధం ముగిసి, విదేశీ మారకం లేక దేశం ఇబ్బంది పడుతున్నప్పుడు ఇంట్లో దాచుకున్న బంగారాన్ని సర్కారు బాండ్లలో పెట్టడం దేశం మీద నమ్మకం ఉంచడమే. దాన్ని పన్నెండు రెట్లు పెంచి దానం అని ప్రచారం చేస్తే, అబద్ధం బయటపడ్డ రోజు నిజంగా ఇచ్చిన దాన్ని కూడా జనం నమ్మరు. ఇప్పుడు జరుగుతున్నది అదే.

1967 తర్వాత

1967 ఫిబ్రవరి 24న ఉస్మాన్ అలీ ఖాన్ కింగ్ కోఠిలో కన్నుమూశారు. ఎదురుగా ఉన్న మస్జిద్-ఎ-జూదీలో తల్లి పక్కన ఖననం చేశారు. జనాజాకు నగరం నగరమే కదిలింది.

లెక్కలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. నగల ట్రస్టులోని 173 ఆభరణాలను 1995లో కేంద్రం 218 కోట్లకు కొన్నది. జాకబ్ వజ్రం కూడా వాటిలోనే ఉంది. లండన్ బ్యాంకులో చిక్కుకున్న 10 లక్షల పౌండ్లు వడ్డీతో పెరిగి 3.5 కోట్ల పౌండ్లయ్యాయి. 2019 అక్టోబర్ 2న లండన్ హైకోర్టు పాకిస్తాన్ వాదన కొట్టేసి, ఆ సొమ్ము భారత్‌కు, నిజాం మనవళ్లకు చెందుతుందని తేల్చింది. 71 ఏళ్లు పట్టింది.

అప్పుడు లండన్ నుంచి కొన్న సింగరేణి ఇవాళ ప్రభుత్వ కంపెనీ. సామాజిక బాధ్యత చట్టం దానికీ వర్తిస్తుంది, గనుల చుట్టుపక్కల ఊళ్లలో ఏం ఖర్చు పెట్టిందో ఏటా లెక్క చెప్పాలి. చాంద్రాయణగుట్ట, బార్కస్, బండ్లగూడ నుంచి తెల్లారకముందే బయల్దేరి నిమ్స్ ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ దవాఖానాకు మొదటి గోడ కట్టిన సొమ్ము సర్కారుది కాదు, 1954లో రాసిన ట్రస్టుది.